మూడో లాంగ్‌టర్మ్ కన్నా అశ్వగంధ చేను మేలు

బైపీసీ చదివితే ఎంబీబీఎస్ తప్ప వేరే భవిష్యత్తు లేదని నమ్మే తల్లిదండ్రులు ఇంకా చాలామంది ఉన్నారు. నీట్‌లో సీటు రాకపోతే లాంగ్‌టర్మ్ కోచింగ్, అప్పుడూ రాకపోతే మరో లాంగ్‌టర్మ్. ఫీజులకు, హాస్టళ్లకు లక్షలు పోవడం ఒక ఎత్తు, పిల్లల ధైర్యం చచ్చిపోవడం ఒక ఎత్తు. ఇంకోసారి రాస్తానని వాళ్లే అడిగితే రాయనివ్వండి. అడగని పిల్లల్ని మూడోసారి అదే బెంచీ మీద కూర్చోబెట్టడం అన్యాయం.

మందుల మీద, మొక్కల మీద ఆసక్తి ఉన్న పిల్లలకు నేను చెప్పే దారి ఒకటుంది. అది కరవు నేలల్లో ఔషధ మొక్కల సాగు, దాని వెనకున్న మట్టి శాస్త్రం. అనంతపురం, కర్నూలు వైపు వానాధారంగా అశ్వగంధ వేస్తారు. అయిదారు నెలలకు వేరు తవ్వుతారు. లావుగా ఉండి, పుటుక్కున విరిగే వేరుకే మంచి ధర. దిగుబడి ఆశతో యూరియా గుప్పిస్తే ఆకు ఏపుగా పెరిగి వేరు సన్నగా మిగులుతుంది. తడి లేని నేలలో ఎరువు ఎక్కువైతే ఆ లవణాల వల్ల వేరు ఉన్న కాస్త నీటినీ పీల్చుకోలేదు.

కొద్దిపాటి బెట్టకు వేరులో మందు గుణమిచ్చే విథనోలైడ్ల శాతం పెరగవచ్చు. బెట్ట ముదిరితే వేరు బరువే పడిపోతుంది. శాతం పెరిగినా ఎకరాకు వచ్చే సరుకు తగ్గితే రైతుకు ఒరిగేదేమిటి? ఈ తూకం కుదర్చడానికే చదువుకున్నవాళ్లు కావాలి. పశువుల ఎరువు, వర్మీ కంపోస్టు, చెరువు మట్టి ఎర్ర నేలలో తేమ నిలుపుతాయి. పొటాష్ ఆకు రంధ్రాలు మూసుకునేందుకు తోడ్పడి నీటి నష్టం తగ్గిస్తుంది. మైకోరైజా శిలీంధ్రం వేరు చేరలేని చోటి నుంచి భాస్వరం తెచ్చిస్తుంది. ఏ నేలకు ఏది, ఎంత, ఎప్పుడు అన్నది మట్టి పరీక్ష చేసి, చేలో వేసి చూసి తేల్చాల్సిందే.

ఈఏపీసెట్ ర్యాంకుతో నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్ లేదా హార్టికల్చర్‌లో చేరవచ్చు. నా మొగ్గు అగ్రికల్చర్ వైపే. ఆ తర్వాత మృత్తికా శాస్త్రంలోనో, పంటల శరీరధర్మ శాస్త్రంలోనో పీజీ చేస్తే పునాది గట్టిపడుతుంది. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే హైదరాబాద్‌లోని ‘క్రీడా’ (CRIDA) సంస్థ మెట్ట సేద్యం మీద, బోడుప్పల్‌లోని ‘సీమ్యాప్’ (CIMAP) కేంద్రం ఔషధ, సుగంధ మొక్కల మీద పనిచేస్తాయి.

ఇక్కడా ఉచ్చులున్నాయి. సీటు దొరికిందని భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) గుర్తింపు లేని కాలేజీకి లక్షలు కట్టకండి. తర్వాత పీజీ సీటు దగ్గర, ప్రభుత్వ ఉద్యోగం దగ్గర ఆ డిగ్రీ అడ్డం తిరగవచ్చు. నాలుగు వారాంతాల్లో ‘ఔషధ సాగు కన్సల్టెంట్’ను చేస్తామనే సర్టిఫికెట్ కోర్సుల జోలికి వెళ్లకండి. డిగ్రీ చేతికి రాకముందే పొలం కౌలుకు తీసుకుని, ‘మొక్కలు మా దగ్గరే కొనండి, పంట మేమే కొంటాం’ అనేవాళ్లకు డబ్బు కట్టడం అంతకన్నా ప్రమాదం. మొక్కల ధర ముందే వసూలు చేసి, కోత వేళకు ఫోన్ ఎత్తనివాళ్ల చేతిలో సఫేద్ ముస్లీ, కలబంద రైతులు ఎందరో నష్టపోయారు. ఉద్యోగ నోటిఫికేషన్లు ఏటా రావు. పరిశోధనలో స్థిరపడటానికి ఏళ్లు పడుతుంది. ఈ సంగతీ పిల్లలకు ముందే చెప్పండి.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందు పిల్లల్ని ఒకసారి మట్టి పరీక్షా కేంద్రానికి, వీలైతే వేరు తవ్వే రోజుల్లో అశ్వగంధ చేనుకు తీసుకెళ్లండి. ఈ చేలో వేరు లావుగా, పక్క చేలో సన్నగా ఎందుకుందని వాళ్లంతట వాళ్లే అడిగితే వ్యవసాయాన్ని మొదటి ఆప్షన్‌గా పెట్టండి. ఎండలో విసుక్కుని ఇంటికెళ్దామంటే ఈ కోర్సూ వాళ్ల మీద రుద్దకండి.