పరిగె పొలములో దొరికిన కటాక్షము

బైబిలు పాఠము

పాఠ్యభాగము: రూతు 2:1–23
కంఠస్థ వాక్యము: ఎఫెసీయులకు 2:8
పాఠము ఉద్దేశము: దేవుని కృపను వెల లేకుండ పొందిన మనము, దానిని పొందినవారమని మరువక జీవించుట.



పరిగె అంటే ఏమో మన సంఘములలోని వృద్ధ తల్లులను అడిగితే చెప్పగలరు. కోత అయిన తరువాత పొలములో రాలి మిగిలిన వెన్నులను ఏరుకొనుటకు బీదవారు వెళ్లుదురు. దానినే పరిగె ఏరుట అందురు. పొలము వారిది కాదు. దున్నినది వారు కాదు, విత్తినది వారు కాదు. అయినను సాయంకాలమునకు ఒడి నిండును. కృప అనగా ఏమో నేర్చుకొనుటకు ఇది మంచి బడి.

"కృప" అను మాట మనకు బాగుగా అలవాటైపోయినది. ఎలాగున్నారని ఎవరైనా అడిగితే "ప్రభువు కృపవలన బాగున్నాము" అందుము. కాని అలవాటైన మాట అరిగిపోయిన నాణెము వంటిది. చేతిలోనే ఉండును, దాని మీది ముద్ర కనబడదు. ఆ ముద్రను మరల చూచుటకు నేడు బేత్లెహేము పొలములోనికి వెళ్లుదము.

రూతు గ్రంథము 2వ అధ్యాయములో "కటాక్షము" అను భావము గల హెబ్రీ మాట మూడు మారులు వచ్చును (2, 10, 13 వచనములు). ఆ మాట "హేన్". పైనున్నవాడు తన యెదుట నిలిచిన బలహీనుని దయతో చూచుట అని దాని భావము. అటువంటి చూపును ఎవరును డబ్బిచ్చి కొనలేరు, బలవంతము చేసి తెప్పించుకొనలేరు.

1. కటాక్షము వెదకిన స్త్రీ

రూతు మోయాబీయురాలు. భర్త చనిపోయెను, పిల్లలు లేరు. కరవువలన మోయాబునకు వెళ్లిన కుటుంబము అక్కడ సుమారు పది సంవత్సరములుండి, ముగ్గురు మగవారిని పోగొట్టుకొన్నది. మిగిలిన అత్త నయోమితో రూతు బేత్లెహేమునకు వచ్చినప్పుడు యవల కోత ఆరంభమైనది.

ఆమెకు ఒక హక్కు ఉన్నది, ఒక అడ్డు కూడ ఉన్నది. పొలము ఓరలను పూర్తిగా కోయవద్దు, రాలిన పరిగె ఏరుకొనవద్దు, వాటిని బీదలకును పరదేశులకును విడిచిపెట్టుమని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించెను (లేవీయకాండము 19:9–10). ఇది ఆమెకున్న హక్కు. అయితే అదే ధర్మశాస్త్రము మోయాబీయులు యెహోవా సమాజములో చేరకూడదనెను (ద్వితీయోపదేశకాండము 23:3). ఇది ఆమె ముందున్న అడ్డు.

రూతు హక్కును గూర్చి వాదింపలేదు, అడ్డును చూచి ఇంట కూర్చుండలేదు. ఎవని కటాక్షము దొరకునో వాని వెనుక పరిగె ఏరుకొందునని అత్త సెలవు తీసికొని వెళ్లినది. కృపను నమ్ముకొనుట సోమరితనము కాదు. ఆమె ఉదయము మొదలు పాటుపడెను. కాని ఆమె పాటు పొలమును పుట్టించలేదు. ముందే పండి రాలియున్న దానిని ఆమె చెయ్యి అందుకొనెను. విశ్వాసము చేయు పని ఇంతే. అది కృపకు వెల చెల్లించదు, కృపను అందుకొనును.

2. ఇది ఆమె మంచితనమునకు కూలియా?

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. పరదేశినైన నన్ను ఎందుకు కనిపెట్టితివని రూతు అడిగినప్పుడు, ఆమె అత్తకు చేసినదంతయు తాను వింటినని బోయజు చెప్పెను (11వ వచనము). అట్లయితే ఇది ఆమె మంచితనమునకు దొరికిన కూలి కాదా?

తరువాతి వచనమును జాగ్రత్తగా చదువుడి. ఆమె ఇశ్రాయేలు దేవుని రెక్కల క్రింద శరణుజొచ్చెనని బోయజు చెప్పుచున్నాడు. కోడిపిల్ల తల్లి రెక్క క్రిందికి వచ్చునప్పుడు ఏమి తెచ్చును? తన భయమునే తెచ్చును. రూతు అత్తయెడల చూపిన ప్రేమ మంచిదే, దేవుడు దానిని చూచెను. కాని ఆమెను కాపాడినది ఆమె ప్రేమ కాదు, ఆ రెక్కలే. ఈ సంగతి ఆమె జవాబులో తెలియుచున్నది. తాను అతని పనికత్తెలలో ఒకతెకైనను సమానురాలు కానని ఆమె ఒప్పుకొనెను. కూలి అడుగువారు ఆ విధముగా మాటలాడరు.

3. ఆజ్ఞను మించి ఇచ్చిన చెయ్యి

ఓరలు విడిచిపెట్టిన ధర్మశాస్త్రము నెరవేరును. బోయజు అక్కడ ఆగలేదు. వేరొక పొలమునకు వెళ్లవద్దనెను. పనివారు ఆమెను ముట్టకూడదని ఆజ్ఞాపించెను. దాహమైనప్పుడు వారు చేదిన నీళ్లు త్రాగుమనెను. భోజనవేళ కోతవారి ప్రక్కను కూర్చుండబెట్టి, తన చేతితో పేలాలు అందించెను. పనల మధ్యను కూడ ఏరుకొననియ్యుమనియు, ఆమె కొరకు పిడికెళ్లు కావలెనని పడవేయుమనియు పనివారితో చెప్పెను. ఆమెను గద్దింపవద్దనెను (16వ వచనము).

ఈ కడపటి మాటను గమనించుడి. అతడు ఆమె చేతికి మూట ఇచ్చి పంపలేదు. నలుగురిలో ఆమె తల వంచుకొనకుండ దారిలో పిడికెళ్లు రాల్పించెను. ఇచ్చుచు అవమానపరచుట మనుష్యుల అలవాటు. దేవుడు ఇచ్చునప్పుడు తల ఎత్తును.

సాయంకాలము ఆమె దుళ్లగొట్టిన యవలు ఇంచుమించు ఒక ఏఫా. ఏఫా అనగా సుమారు 22 లీటర్లు పట్టు కొలత అని పండితులు లెక్కింతురు. అంతే కాదు, తాను తిని తృప్తిపొంది మిగిల్చిన భోజనమును ఆమె అత్త కొరకు ఇంటికి తెచ్చినది. కృపను నిజముగా రుచి చూచినవారి ఒడిలో ఇంకొకరి వంతు కూడ ఉండును.

4. విడిపించు బంధువు

బోయజు పేరు వినగానే నయోమి, అతడు మనలను విడిపింపగల బంధువులలో ఒకడని గుర్తించినది. 4వ అధ్యాయములో అతనికంటె దగ్గర బంధువు ఒకడు, తన స్వాస్థ్యము పోగొట్టుకొందునేమో అని వెనుదీసెను. బోయజు ఊరి గవిని యొద్ద పెద్దల యెదుట వెల చెల్లించి రూతును పెండ్లిచేసికొనెను. వారికి పుట్టిన ఓబేదు దావీదునకు తాత. ఆ వంశములోనే మన ప్రభువు జన్మించెను. ఆ మొదటి బంధువు తన స్వాస్థ్యమునకు భయపడెను. మన ప్రభువు ధనవంతుడై యుండియు మన నిమిత్తము దరిద్రుడాయెను (2 కొరింథీయులకు 8:9). పరిగె మనకు ఊరకనే దొరకును. అయితే పొలము విడిపించుటకు ఆయన చెల్లించిన వెల కలువరిలో కనబడును.

మత్తయి 1:5లో మరియొక సంగతి ఉన్నది. బోయజును కన్నది రాహాబు అని అక్కడ వ్రాయబడియున్నది. ఆమె యెరికో పట్టణపు కనాను స్త్రీ. ఆమె కూడ కృపచేతనే ఇశ్రాయేలులో చోటు సంపాదించుకొన్నది. పొలము గల బోయజు ఒక పరదేశురాలి వంశపువాడు! కావుననే తన పొలములో నిలిచిన పరదేశురాలిలో అతడు తన ఇంటివారి పోలికను చూచియుండును.

5. పొలము గలవారమైన మనము

మన తాతలు కోలారు బంగారు గనులకో, షోలాపూరు మిల్లులకో, మద్రాసు పట్టణమునకో ఉత్త చేతులతో వచ్చినవారు. కోలారు గనులు 2001లో మూతబడినవి, కాని మనము నిలిచితిమి. ఇండ్లు కట్టుకొంటిమి, మందిరములు కట్టుకొంటిమి. పరిగె ఏరినవారి మనుమలు నేడు పొలము గలవారైరి.

మన బాప్టిస్టు పెద్దలు కృపను ఎంత జాగ్రత్తగా పట్టుకొనిరో చూడుడి. 1876–78 కరవు కాలములో ఒంగోలులోని క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పనియు కూలియు కలుగజేసిరి. అయితే కరవు సహాయము జరుగుచున్నంత కాలము బాప్తిస్మములు నిలిపివేసిరి. కూటి కొరకు ఎవరును ప్రభువు పేరు ఒప్పుకొనకూడదని ఆయన ఉద్దేశము. సహాయము ఆగిన తరువాత కూడ జనులు వచ్చుచుండిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అన్నము విశ్వాసమునకు వెల కాదు, విశ్వాసము అన్నమునకు వెల కాదు. రెండును కృపగానే ఇయ్యవలెను.

ఇక నా తప్పు ఒకటి చెప్పవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట నేను మా సంఘ కార్యదర్శిగా ఉన్నప్పుడు, ఒక ఆదివారము బేల్దారి పనికి కొత్తగా వచ్చిన కుటుంబము ఒకటి ఆరాధనకు వచ్చినది. భర్త, భార్య, ఇద్దరు పిల్లలు. బట్టలకు సున్నపు మరకలున్నవి. చివరి వరుస వెనుక నేలమీద కూర్చుండిరి. ఆరాధన అయిన తరువాత నేను వెళ్లి, "మీదే ఊరు? ఎవరి తాలూకు? మీ సంఘమునుండి లెటరు తెచ్చినారా?" అని అడిగితిని. ఆ సహోదరుడు చేతులు కట్టుకొని, "లేదయ్యగారూ, పని మీద ఉన్నపళంగా వచ్చేసినాం" అన్నాడు. "మరుసారి తెప్పించుకోండి" అని నేను రిజిస్టరు మూసితిని.

మా సంఘములోని వృద్ధురాలైన తల్లి ఒకామె అది విన్నది. ఆ స్త్రీ చెయ్యి పట్టుకొని, "రామ్మా, ముందు అన్నం తిందురుగాని" అని ఇంటికి తీసికొనిపోయినది. సాయంకాలము నాయొద్దకు వచ్చి, "నాయనా, మీ తాత ఈ ఊరు వచ్చిన రోజు నాకు తెలుసు. ఏ లెటరు తెచ్చినాడనుకున్నావు?" అని అడిగినది. నాకు జవాబు లేకపోయెను. ఆ రాత్రి నేను రూతు 2వ అధ్యాయము చదివితిని. "ఈ చిన్నది ఎవరి తాలూకు?" అని బోయజు కూడ అడిగినట్లే అక్కడ ఉన్నది. నేనడిగిన ప్రశ్నయే అతడును అడిగెను. కాని జవాబు విన్న తరువాత అతడు నీళ్లు చూపించెను, నేను రిజిస్టరు మూసితిని.

సంఘ క్రమము అవసరమే. సభ్యత్వపు పత్రము చూచుట తప్పు కాదు. కాని పత్రము వచ్చువరకు అన్నము, చాప, పలకరింపు ఆగనక్కరలేదు. మరుసటి ఆదివారము నేను వారి గుడిసెకు వెళ్లి క్షమాపణ అడిగితిని. వారు నాకు టీ ఇచ్చిరి. ఆ దినమున పరిగె ఏరుకొన్నది నేనే.

ప్రియులారా, కృప పొందితిమని చెప్పుటకు మన నోరు చాలదు, మన పొలము ఓరలు చెప్పవలెను. మనమును ఒకప్పుడు పరజనులమును పరదేశులమునై యుంటిమి, ఇప్పుడు దేవుని యింటివారమైతిమి (ఎఫెసీయులకు 2:12, 19). ఈ వారము మీ మందిరపు చివరి వరుసను చూడుడి. అక్కడ రూతు కూర్చుండి యుండవచ్చును.

చర్చించుటకు ప్రశ్నలు

1. రూతు పడిన పాటుకును, ఆమె పొందిన కటాక్షమునకును గల సంబంధమేమి?
2. బోయజు చేసిన వాటిలో ధర్మశాస్త్రము కోరినవి ఏవి? దానిని మించినవి ఏవి?
3. మన కుటుంబము ఈ ఊరు వచ్చినప్పుడు మొదట ఆదరించినదెవరు? ఆ సంగతి పిల్లలకు చెప్పితిమా?
4. మన సంఘములో కొత్తవారి కొరకు విడిచిన "ఓర" ఏది?

ప్రార్థన: కృపగల తండ్రీ, మేము విత్తని పొలములో మా ఒడి నింపితివి. నీ రెక్కల క్రింద మాకు చోటిచ్చితివి. పొందిన దానిని మరువని హృదయమును, కొత్తవారికి చోటిచ్చు మనస్సును మాకు దయచేయుమని, మమ్మును విడిపించిన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.