పాత మిషనుతో బొంతల తరగతి

మహిళా సభ్యులు ఎక్కువగా ఉన్న పాల సంఘాలలో కుట్టు తరగతి మాట వచ్చినప్పుడు మొట్టమొదట వినిపించే ప్రశ్న, "మిషన్లు ఎన్ని కొనాలి?" అని. ఆ ప్రశ్నను కాస్త పక్కన పెట్టవలసిందిగా కోరుతున్నాము. బొంతలు నేర్పే తరగతికి కొత్త మిషను అవసరం లేదు. పది పన్నెండు మంది నేర్చుకునే చోట, సరిగా నడిచే పాత మిషన్లు రెండు ఉంటే చాలును. పాల బిల్లులో నెలనెలా కోత పెట్టించుకుని కొత్త మిషను తెచ్చుకున్నాక, నాలుగు పొరలు కింద పెట్టేసరికి అదీ మొరాయిస్తే, కోత మాత్రం ఆగదు గదా! అందుచేత మూలనున్న మిషనును బొంత పనికి ఎలా సిద్ధం చేసుకోవాలో, సరంజామాలో ఏది మన చేతితో చేసుకోవచ్చో, ఏది కొనక తప్పదో ఈ పాఠంలో వివరిస్తున్నాము.

పాత మిషను కుట్టు తక్కువ రకం కుట్టు కాదు. 1846లో అమెరికాలో ఇలయస్ హోవే పేటెంటు పొందిన మిషను నుంచి ఈనాటి దాకా కుట్టు పద్ధతి ఒకటే. సూదితో దిగిన పై దారానికి కింది బాబిన్ దారం మెలిక పడి, రెండూ గుడ్డ మందం మధ్యలో బిగుసుకుంటాయి. పువ్వుల కుట్లు, వంకర కుట్లు వేసే మిషన్లు వచ్చాయి గాని, బొంతకు తిన్నని కుట్టు తప్ప మరొకటి అక్కరలేదు. పైగా మన ఇళ్ళలోని నల్లని ఇనుప మిషను, కాలితో తొక్కేదైనా చేతితో తిప్పేదైనా, తన బరువు వల్ల మందపు గుడ్డ మీద కూడా అదరకుండా నిలుస్తుంది.

రెండు మిషన్లు ఎలా సరిపోతాయని సందేహం రావచ్చు. బొంత పనిలో మిషను దగ్గర కూర్చునేది కొంతసేపే. పాత చీరలు, పంచెలు ఉతికి ఆరబెట్టడం, గట్టిగా ఉన్న భాగం చూసి కత్తిరించడం, ముక్కలు పేర్చడం, పొరలు పరచి పెద్ద పెద్ద చేతి కుట్లతో నిలబెట్టడం, ఇవన్నీ నేల మీద జరిగేవే. ముక్కలు జతచేయడం, అంచు పట్టీ వేయడం మిషను పని. పొరలను కలిపే కుట్టును మిషను మీదా వేయవచ్చు, చేతితోనూ వేయవచ్చు. అలబామా రాష్ట్రంలోని విల్కాక్స్ కౌంటీలో నల్లజాతి స్త్రీలు 1966లో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే బొంతల సహకార సంఘం పెట్టుకున్నారు. అది 2012లో మూతపడింది గాని, ఆ ప్రాంతపు బొంతలను ఇప్పుడు మ్యూజియంలలో చూపిస్తున్నారు. వారిలో చాలామంది పొరల కుట్టును చట్రానికి బిగించి చేతితోనే వేసేవారు. మనకు చట్రం కూడా చేయించనక్కరలేదు. నులక తీసిన మంచానికి నాలుగు పట్టెలూ ఉన్నాయి. పొరలను వాటికి లాగి కడితే నలుగురు చుట్టూ కూర్చుని కుట్టుకోవచ్చు.

ఇక మిషను సంగతి. ఏళ్ళ తరబడి మూలనున్న మిషను బరువుగా తిరిగితే చెడిపోయిందని అనుకోకూడదు. చాలావరకు అది ఎండిపోయిన నూనె జిగురు. కొబ్బరినూనె, ఆముదం పోసిన మిషన్లకు ఈ జబ్బు తప్పదు. (నెయ్యి పోసేవారు కూడా ఉన్నారు. నెయ్యి అమ్ముకోవడానికి గాని మిషనుకు కాదు.) నూనె చుక్క వేసే రంధ్రాలన్నింటిలో కొద్దిగా కిరసనాయిలు వేసి, దారం లేకుండా పది నిమిషాలు తిప్పి, నల్లగా కారినదంతా తుడిచి, మరుసటి రోజు మిషను నూనె వేయాలి. ఆ పని పొయ్యికి, దీపానికి దూరంగా చేయాలి. పళ్ళ మీది రేకు విప్పి చూస్తే నూనె, నూగు కలిసి గడ్డకట్టి ఉంటాయి. దానిని తీయడానికి పాత పళ్ళ బ్రష్షు, సందులకు కోడి ఈక చాలు. కాలి మిషను తోలు బెల్టు సాగి జారుతుంటే అర అంగుళం కోసి, మళ్ళీ చిల్లు పొడిచి కొక్కెం వేస్తే సరిపోతుంది.

బొంత పనిలో సూదులు విరిగేది ఎక్కువగా బరువు వల్ల. పొరల బొంత బల్ల అంచు నుంచి వేలాడుతూ గుడ్డను వెనక్కి లాగుతుంది. సూది వంగి రేకుకు తగులుతుంది. దీనికి పెద్ద బల్లలు అమ్ముతారు, కొనవద్దు. కాలి మిషనుకు ఎడమవైపున, వెనుకవైపున అదే ఎత్తులో ఒక మంచమో, బెంచీయో చేర్చి పెట్టండి. చేతి మిషను అయితే ఇంకా సులువు. నేల మీదనే పెట్టి, చుట్టూ ఇటుకలు పేర్చి, పైన చెక్కలు వేసి, మిషను పీఠంతో సమంగా చేసి, ఒక నున్నని దుప్పటి పరిస్తే బొంత దానిమీద జారుతూ పోతుంది.

రెండవ కష్టం పొరలు జరగడం. కింది పొరను పళ్ళు ముందుకు లాగుతాయి, పై పొరను ఫుట్ నొక్కి పట్టుకుంటుంది; వరస చివరకు వచ్చేసరికి పై గుడ్డ రెండు మూడు అంగుళాలు మిగిలి ముడత పడుతుంది. దీనికోసమే వాకింగ్ ఫుట్ అనే సాధనం అమ్ముతారు. మంచిదే, కాని ఖరీదైనది, అన్ని మిషన్లకూ సరిపోదు. దానికి బదులు మూడు పనులు చేయండి. ఫుట్ కడ్డీ పైన ఉండే మరను కొద్దికొద్దిగా వదులు చేసి నొక్కుడు తగ్గించాలి. పొరలను జానెడు దూరంలో చేతి కుట్లతోగాని పిన్నీసులతోగాని పట్టి ఉంచాలి. మధ్య వరస ముందు కుట్టి అంచులవైపు రావాలి. వరసలన్నీ ఒకే వైపు నుంచి మొదలుపెట్టాలి. ఒకటి ఇటు, ఒకటి అటు కుడితే నడుమ ఏటవాలు ముడతలు పడతాయి.

తిన్నని గీతలకు వడ్రంగిని చూసి నేర్చుకోవాలి. సన్నని నూలు తాడును సుద్దపొడిలో దొర్లించి, ఇద్దరు చెరొక కొస బొంత మీద బిగువుగా పట్టుకుని, మధ్యలో ఎత్తి వదిలితే అంచు నుంచి అంచుకు గీత పడుతుంది. రెండంగుళాలకు ఒకటి చొప్పున వేసుకోండి. వడ్రంగి వాడే ఎర్రమట్టి, నీలం మనకు వద్దు, అవి గుడ్డను పట్టుకుంటాయి.

పెద్ద కోను దారం గజానికి చవక గాని మిషను మీది మేకుకు పట్టదు. కోనును వెనుక ఒక గ్లాసులో నిలబెట్టి, దాని తలకు సూటిగా పైన ఒక తీగ కొక్కెం కట్టి, దారాన్ని అందులోంచి మిషనుకు తీసుకోండి. అతుకుల మీద ఫుట్ ఎక్కలేక ఆగిపోతే, అంతే మందంగా మడిచిన గుడ్డముక్కను ఫుట్ వెనుక భాగం కింద పెట్టండి. ఫుట్ సమంగా నిలిచి ముందుకు సాగుతుంది. అక్కడ తొక్కకుండా చేతి చక్రాన్ని మనవైపుకే తిప్పుతూ దాటించాలి.

కొనక తప్పనివి సూదులు, దారం, మిషను నూనె. పాత చీరల పొరలకు 16 నంబరు సూది, జీన్సు వంటి మందానికి 18 నంబరు వాడాలి. గుడ్డలో దిగేటప్పుడు టప్ టప్ మని చప్పుడు వస్తే సూది మొద్దుబారినట్లే. పొడవాటి గాడి ఉన్న వైపు నుంచి దారం ఎక్కించాలి. ఫుట్ పైకెత్తి ఉంచి దారం పెట్టాలి, లేకపోతే దారం బిగింపు పళ్ళాల మధ్యకు దిగదు. అంగుళానికి 7 నుంచి 8 కుట్లు చాలు. అదే మందం గల ముక్క మీద ముందుగా కుట్టి చూడండి. అడుగున ఉచ్చులు కనిపిస్తే పై దారం వదులుగా ఉంది. పైన కింది దారం చుక్కలు కనిపిస్తే పై దారం మరీ బిగువు. పై మరను సర్దితే చాలావరకు కుదురుతుంది, బాబిన్ కేసు మరను నేర్చుకునేవారు ముట్టకూడదు. జరీ అంచులు ముందే విప్పి తీసేయండి.

కొత్తవారికి మొదటి రెండు రోజులు దారం లేకుండా, గీతల కాగితం మీద, పాత సూదితో నడక నేర్పాలి. పిల్లల పాత నోటుపుస్తకాలు వాడండి. సంఘం రిజిస్టర్ల జోలికి పోవద్దు, ఆడిటు ఉంటుంది.

చివరిగా, పాడి ఉన్న ఇళ్ళవారికి ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటుంది. తరగతి పాలు పోసే గదిలో పెట్టకూడదు. నూగు, దారాలు పాలలో పడతాయి. అంతకంటె ప్రమాదం విరిగిన సూది. ఊడ్చిన చెత్తతో పాటు అది పెరట్లోకి, అక్కడి నుంచి గడ్డిలోకి చేరుతుంది. గేదె, ఆవు మేతను ఏరుకుని నమలవు, గబగబా మింగుతాయి. సూది తేనెతుట్టె వంటి గదులున్న పొట్టలో నిలిచిపోతుంది. దానికి ముందే గుండె ఉంది. పొట్ట కదిలినప్పుడల్లా సూది ముందుకు నడిచి గుండె పొరను గుచ్చవచ్చు. పశువు మేత మానుతుంది, పాలు ఒక్కసారిగా తగ్గుతాయి, వీపు వంచి మోచేతులు బయటకు పెట్టి నిలబడుతుంది, తరువాత గంగడోలు వాస్తుంది. అప్పటికి వైద్యం కష్టం. అలాంటి గుర్తులు కనిపించిన రోజునే పశువైద్యునికి చూపించాలి.

కనుక తరగతిలో సూదులు లెక్క పెట్టి ఇవ్వాలి, లెక్క పెట్టి తీసుకోవాలి. సూది విరిగితే రెండు ముక్కలూ దొరికేదాకా ఎవరూ లేవకూడదు. పాడైన రేడియో లౌడ్‌స్పీకరులోని అయస్కాంతానికి తాడు కట్టి, ప్రతిరోజూ ఊడ్చే ముందు నేలంతా లాగించండి. ఇత్తడి పిన్నీసులు దానికి అంటవు, కాబట్టి వాటిని లెక్క మీదనే నమ్మాలి. దొరికిన ముక్కలను మూత ఉన్న డబ్బాలో వేసి, నిండినప్పుడు పశువులు తిరగని చోట లోతుగా పాతిపెట్టండి. ఆ డబ్బా బాధ్యత వారానికి ఒకరు చొప్పున తీసుకుంటే మంచిది.