మెదడులోని పిల్లి: ఒక ఇటలీ భయానక చిత్రముపై విచారణ

రంగస్థలముపై హత్యను చూపవచ్చునా, చూపరాదా అను చర్చ నేటిది కాదు. యుద్ధము, మరణము, నగరముట్టడి మున్నగువానిని అంకములో ప్రత్యక్షముగా ప్రదర్శింపరాదనియు, ప్రవేశకముల ద్వారా సూచింపవలయుననియు భరతుడు నాట్యశాస్త్రములో విధించెను. రోమను కవి హొరేసు తన కావ్యకళా గ్రంథములో, మెడియా తన బిడ్డలను ప్రేక్షకుల యెదుట చంపరాదని చెప్పెను. ఆ హొరేసు చదువుకొన్న రోము నగరముననే, రెండువేల సంవత్సరములకు పిమ్మట, చూపరాని దానినెల్ల చూపుటయే వృత్తిగా గైకొన్న దర్శకుడొకడు జన్మించెను. అతడే లూచియో ఫుల్చి. 1990 లో వెలువడిన అతని "ఉన్ గాత్తో నెల్ చెర్వెల్లో" అను చిత్రమును గూర్చి ఈ వ్యాసమున విచారింపదలచితిమి. ఆ పేరునకు "మెదడులో ఒక పిల్లి" అని అర్థము.

ఇది పిన్నలు చూడదగిన చిత్రము కాదు. పెద్దలలోను పలువురు దీనిని చివరవరకు చూడజాలరు. దీనిని చూడుడని మేము ఎవరిని ప్రోత్సహించుట లేదు. అయినను హింసను చిత్రించినవాడు ఆ హింసకు ఎంతవరకు బాధ్యుడను ప్రశ్నను ఈ చిత్రమువలె సూటిగా లేవదీసినవి అరుదు. కావుననే ఇది చర్చకు అర్హమైనదని మా అభిప్రాయము.

దర్శకుని పూర్వచరిత్ర

ఫుల్చి 1927 లో జన్మించెను. మొదట వైద్యవిద్య నభ్యసించి, పిదప రోములోని చలనచిత్ర శిక్షణాలయమున చేరెను. నేడు భయానక చిత్రములతోడనే అతని పేరు ముడివడియున్నను, అతడు తొలుత హాస్యచిత్రములకు రచనచేసి, సహాయకుడుగా పనిచేసినవాడు. 1959 లో విడుదలయిన అతని మొదటి చిత్రములో ఇటలీ హాస్యనట చక్రవర్తి టోటో నటించెను.

తరువాత అతడు "జాల్లో" అను తరగతి చిత్రములకు మరలెను. ఇటలీ భాషలో జాల్లో యనగా పసుపుపచ్చ. 1929 నుండి మొందదోరి ప్రచురణ సంస్థ నేరపరిశోధన నవలలను పసుపుపచ్చని అట్టలతో వెలువరించుటచే, ఆ రంగు పేరే ఆ కథలకు, పిదప ఆ చిత్రములకు స్థిరపడినది. 1979 లో "జోంబీ 2", 1981 లో "లాల్దిలా" అను చిత్రములతో ఫుల్చి కీర్తియు, అపకీర్తియు ఏకకాలమున విదేశములకు ప్రాకెను.

ఈ సందర్భమున ఒక వాస్తవ సంఘటనను చెప్పవలసియున్నది. 1971 నాటి అతని చిత్రమొకదానిలో కడుపులు చీల్చబడిన కుక్కలు కనిపించు దృశ్యము కలదు. నిజమైన కుక్కలనే హింసించినారని అభియోగము వచ్చెను. అప్పుడు ఆ బొమ్మలను తయారుచేసిన శిల్పి కార్లో రంబాల్డి వానిని న్యాయస్థానమునకు తెచ్చి, అవి కృత్రిమములని నిరూపింపవలసి వచ్చెను. ఈ రంబాల్డియే తరువాత "ఏలియన్", "ఇ.టి." చిత్రముల పనితనమునకు ఆస్కారు బహుమతులు పొందెను. బొమ్మను నిజమని లోకము భ్రమించినచో శిల్పికది ప్రశంస. దర్శకునికో, అది నేరారోపణ. ఈ వైరుధ్యమే మన చిత్రమునకు బీజమని చెప్పవచ్చును.

కథాసంగ్రహము

ఈ చిత్రములో ఫుల్చి తన పేరుతోడనే, తన వృత్తిలోనే, తానే నటించినాడు. ఆరంభమున దర్శకుడు బల్లముందు కూర్చుండి హత్యావిధానములను కల్పించుకొనుచుండును. కెమెరా అతని తలలోనికి చొచ్చిపోగా, అచట ఒక పిల్లి మెదడును గోళ్ళతో పీకుచు కనబడును. బొమ్మ పిల్లి యని తెలియుచునే యున్నను ఆ దృశ్యము మరపునకు రాదు.

నరమాంస భక్షణ దృశ్యమును చిత్రీకరించి భోజనశాలకు వెళ్ళిన దర్శకుడు మాంసము పేరు వినినంతనే వికారమునకు లోనగును. రంపపు శబ్దము విన్నను, నిప్పును చూచినను తన చిత్రములలోని ఘోరములే అతని కన్నులయెదుట కదలాడును. మతి చెదరుచున్నదని భయపడి, సమీపముననే యున్న మనోవైద్యుని ఆశ్రయించును. ఆ వైద్యుడే అసలు హంతకుడు. అతడు దర్శకుని వశీకరణ నిద్రలో ముంచి, జరుగబోవు హత్యలన్నియు నీవే చేసితివని నమ్మబలుకును. తెరపై హింస చూచినవారు హింసకు పాల్పడుదురను లోకవాదమునే అతడు తన నేరమునకు ముసుగుగా వాడుకొనును. కడకు వైద్యుడు పోలీసుల చేతిలో మరణించును. దర్శకుడు నిర్దోషియని తేలును.

కాని చిత్రము అంతటితో ముగియదు. చివరి దృశ్యమున దర్శకుడు ఒక యువతితో పడవపై విహరించుచుండును. ఆమె లోనికి పోవును. రంపపు శబ్దము వినవచ్చును. దర్శకుడు తెగిన వ్రేళ్ళను గాలమునకు ఎరగా గ్రుచ్చుచు కనబడును. మనము ఉలిక్కిపడునంతలో అది కూడ చిత్రీకరణమే యని తేలును.

ఇతర చిత్రములతో పోలిక

దర్శకుని మనస్సంక్షోభము ఇటలీ చిత్రములకు క్రొత్తది కాదు. 1963 లో ఫెల్లీని "ఎనిమిదిన్నర" అను చిత్రములో, తీయవలసిన చిత్రమును ప్రారంభింపలేక తల్లడిల్లు దర్శకుని చూపెను. ఫెల్లీని నాయకునికి ఊహలు రాకపోవుట బాధ. ఫుల్చి నాయకునికి ఊహలు ఆగకపోవుట బాధ.

అట్లే 1920 లో జర్మనీలో వెలువడిన "డాక్టరు కాలిగారి" చిత్రమున, వైద్యుడొకడు నిద్రలో నడచువానిచేత హత్యలు చేయించును. ఫుల్చి దీనిని తలక్రిందులు చేసెను. ఇచట వైద్యుడు తానే చంపి, పాపభీతిని మాత్రము నిద్రించువాని తలకెక్కించుచున్నాడు.

గుణదోష విచారణ

కళాదృష్టితో చూచినచో ఈ చిత్రము లోపభూయిష్ఠము. ఇందలి ఘోరదృశ్యములలో అనేకము క్రొత్తగా తీసినవి కావు. ఫుల్చి 1988 నాటి రెండు చిత్రములనుండియు, అతని పేరు సమర్పకుడుగా వేసి ఇతరులు దర్శకత్వము వహించిన చిత్రములనుండియు కత్తిరించి అతికినవి. పొదుపునకై చేసిన ఈ పనివలన కథ ముక్కముక్కలైనది. అయినను ఇందొక విశేషము తోచుచున్నది. దర్శకుని పీడించు పీడకలలలో కొన్ని అతడు తీసినవే కావు. పేరు మాత్రము అతనిది. పేరు అరువిచ్చినవాడు ఆ పేరుక్రింద జరిగినదానికి లెక్క చెప్పవలసివచ్చుట ఇచట చిత్రముగా నిజమైనది.

ఇంతకంటె పెద్ద లోపములు రెండు కలవు. మొదటిది, ఇందు చంపబడువారిలో అధికులు స్త్రీలు. వారికి పేరుగాని, కథగాని, దుఃఖముగాని లేదు. దర్శకుని వేదనకై ఇంత సమయము వెచ్చించిన చిత్రము వారికై ఒక్క నిమిషమును కేటాయింపలేదు. రెండవది, మనోవైద్యుని రాక్షసునిగా చూపుట. చికిత్సకై చేయు హిప్నాటిజములో రోగి తన వివేకమును పరాధీనము చేయడు. మనోవ్యాధి సోకినవారిలో అత్యధికులు ఎవరికిని హాని చేయువారు కారు. చిత్రము చూచి, మనస్సు బాగులేనపుడు వైద్యుని సంప్రదించుటకు భయపడుట అవివేకము.

బాధ్యత యెవరిది?

చిత్రము తన వాదమును చతురముగా నిర్మించినది. హింసాచిత్రములు హింసను పుట్టించునను వాదమును హంతకుని నోట పెట్టుటచే ఆ వాదమే దోషియైనట్లు తోచును. ఇది న్యాయముకాదని మా భావన. 1963 లో ఆల్బర్టు బాండూరా, అతని సహచరులు ప్రకటించిన ప్రయోగములో, తెరపై పెద్దలు బొమ్మను కొట్టుట చూచిన పసిపిల్లలు తామును ఆ బొమ్మను అట్లే కొట్టిరి. అయితే బొమ్మను కొట్టుటకు, మనిషిని చంపుటకు నడుమ గల దూరము చిన్నది కాదు. పండితులు నేటికిని ఈ విషయమున ఏకాభిప్రాయమునకు రాలేదు. 1999 లో బ్రిటను ధ్రువీకరణ మండలి ఈ చిత్రపు వీడియో ప్రతికి అనుమతి నిరాకరించి, తరువాతి కాలమున అనుమతించుటయు ఈ సందిగ్ధతకు నిదర్శనమే.

మన అలంకారశాస్త్రము ఇచట కొంత వెలుగు చూపును. భయానకమునకు స్థాయీభావము భయము, బీభత్సమునకు జుగుప్స. ఉర్దూ చదువు మా విద్యార్థులు ఖౌఫ్, కరాహత్ అను మాటలతో ఈ భేదమును సులభముగా గ్రహింపగలరు. భయము మనలను పాత్రకు చేరువ చేయును. దాని ప్రాణమునకై మనమును వణకుదుము. జుగుప్స మనలను దూరముగా నెట్టును, ముఖము త్రిప్పుకొందుము. ఒక్క బీభత్సమునే పదేపదే వడ్డించినచో చూచువానికి మొదట వికారమును, తరువాత అలవాటును కలుగును. తన చిత్రములో దర్శకుడు భోజనశాలనుండి లేచిపోయినాడు గాని, ప్రేక్షకునికి మాత్రము అదే భోజనమును వడ్డించుచుండెను. అతని పిల్లి అతనిని గీరుట అతని సున్నితత్వమునకు గుర్తు. ఆ పిల్లి గీరుట మానిన దినమే నిజముగా భయపడవలసిన దినము.

ఫుల్చి 1996 లో రోములో మరణించెను. అతడు హంతకుడు కాడు, ఉన్మాదియు కాడు. కాని నేను నిర్దోషిని అని తాను వ్రాసి, తాను నటించి, తానే తీర్పు చెప్పుకొన్న దర్శకుని మాటను మనము పూర్తిగా అంగీకరింపనక్కరలేదు. విద్యార్థులు ఏ చిత్రమును చూచినను, అది తమకు భయమును కలిగించినదా, జుగుప్సను కలిగించినదా, లేక ఏమియు కలిగింపక పోయినదా అని తమను తాము ప్రశ్నించుకొనవలయును. మూడవ సమాధానము వచ్చినచో కొంతకాలము తెరనుండి చూపు మరల్చుట మేలు.