అలసినవారి క్రిస్మస్
(పాఠ్యభాగము: లూకా 2:8-20)

1996 నవంబరు 6 రాత్రి తుపాను యానాంను, కోనసీమను కొట్టిన సరిగ్గా ఏడు వారములకు క్రిస్మస్ వచ్చినది. కొబ్బరిచెట్లు కూలిన ఇంటివారికి నక్షత్రము కట్టుటకు మనసెట్లు వచ్చును? కనకాలపేట విడిచి గల్ఫ్‌లోనో, హైదరాబాదులోనో రాత్రి డ్యూటీలు చేయు మనకును కొన్ని డిసెంబరులు అట్టివే.

గొల్లలను గమనించుడి. వారు పండుగకు సిద్ధపడలేదు; రాత్రివేళ మందను కాచుకొనుచుండిరి. దూత ఆ పనిచోటికే వచ్చెను. ఇచ్చిన ఆనవాలు (దీనిని మనము తరచు దాటిపోవుదుము) పశువుల తొట్టి. అనగా గొల్లలకు బాగుగా తెలిసిన వస్తువే. వారు చూచి తిరిగి వెళ్లిరి. వారి పని మారినట్లు లూకా వ్రాయలేదు, స్తుతించుచు వెళ్లిరని వ్రాసెను.

పాడలేనివారు ఈ ఏడు పాడనక్కరలేదని మా తలంపు. ఈ పదమూడు వచనములు డ్యూటీ విరామములో మెల్లగా చదువుకొనుడి.