పదసందేహం - ప్రశ్నించే పద్ధతి

"నీడను ఇంగ్లీషులో ఏమంటారు?" అని తెలుగు విద్యార్థి అడిగితే ఒకరు షేడ్ అనవచ్చు, మరొకరు షాడో అనవచ్చు. ఇద్దరు చెప్పినదీ నిజమే, అయినా సందేహం తీరదు. ఎండ తగలని చోటు షేడ్. వెలుతురుకు అడ్డు నిలిచిన వస్తువు ఆకారం నేలమీదనో గోడమీదనో పడితే అది షాడో. తెలుగులో రెండింటికీ ఒక్క మాటే చాలు. "వేపచెట్టు నీడలో విశ్రమించాము అని వ్రాయదలచాను, అక్కడ ఏ పదం తగును?" అని అడిగినట్లయితే చిక్కు వెంటనే విడిపోయేది.

హిందీ మాట్లాడేవారికీ ఇటువంటి అవస్థే ఉంది. వారికి నిన్న అన్నా, రేపు అన్నా "కల్" ఒక్కటే. ఆ పదాన్ని విడిగా పట్టుకొని ఇంగ్లీషు మాట అడిగితే, వాక్యంలోని క్రియ వినబడనిదే ఎవరూ జవాబు చెప్పలేరు. అందుచేత బోధకుడు అన్యభాషీయుడైనప్పుడు విద్యార్థి తన మాతృభాషలోని మాటను, దాని అర్థచ్ఛాయలను కూడ తెలుపడం అవసరం.

నిఘంటువు కొంతవరకే తోడ్పడుతుంది. ఆ కొరతను బాగుగా గుర్తించినవారిలో ఏ.ఎస్. హార్న్‌బీ ఒకరు. జపానులో ఇంగ్లీషు బోధించిన ఆయన ఇద్దరు సహచరులతో కలిసి కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ వారు దానిని తిరిగి ప్రచురించారు. పదం అర్థంతోపాటు, అది వాక్యంలో ఇమిడే తీరును కూడ చూపడం దాని విశేషం. అయినా విద్యార్థి మనసులో ఉన్న వాక్యం ఏ నిఘంటువుకు తెలుస్తుంది?

అప్పు సంగతి చూడండి. ఇచ్చినా, పుచ్చుకొన్నా తెలుగులో అప్పే. ఇంగ్లీషులో పుచ్చుకొనడం బారో, ఇవ్వడం లెండ్. బ్యాంకుకు దరఖాస్తు వ్రాసే యువకుడు వీటిని తారుమారు చేస్తే, తానే బ్యాంకుకు అప్పిస్తానన్నట్లవుతుంది! నలుగురూ నవ్వుతారన్న జంకుతో, ముఖ్యంగా ఇంటిలో తొలిసారిగా ఇంగ్లీషు చదువుకొనేవారు, అడగడమే మానుకొంటారు. వ్రాయదలచిన పూర్తి వాక్యం, అది ఎవరికి వ్రాస్తున్నదీ, నిఘంటువులో ఏమి చూచినదీ, అయినా ఏ అనుమానం మిగిలినదీ కాగితంపై పెట్టుకొని అడిగేవారిని చూచి నవ్వేవారుండరు. ఆ మిగిలిన అనుమానాన్ని మాటలలో పెట్టడమే అన్నిటికంటె కష్టం. అది వ్రాస్తుండగానే కొన్ని సందేహాలు వాటంతటవే తీరిపోవడం కూడ కద్దు.

ఎవరికి వ్రాస్తున్నామన్నది చిన్న విషయం కాదు. సమావేశాన్ని ముందు తేదీకి మార్చడాన్ని మన కార్యాలయాలలో "ప్రిపోన్" అంటారు. ఆ పదం సరియైనదేనా అని అడిగేవారు, ఉత్తరం ఢిల్లీకి వెళ్ళేదో, లండనుకు వెళ్ళేదో ముందుగా చెప్పాలి. ఇక్కడ అందరికీ సుబోధమైన ఆ మాట అక్కడ చాలామందికి వింతగా తోస్తుంది. లండనుకైతే "బ్రింగ్ ఫార్వర్డ్" అని వ్రాయడం మేలు.