గుర్రపు పిల్లల్లో కీళ్ల మృదులాస్థి వ్యాధి: తొలి నెలల్లో వ్యాధి పరిణామం, యాజమాన్యం

గుర్రపు పిల్లల కీళ్లలో ఏర్పడే ఆస్టియోకాండ్రోసిస్ సాధారణంగా ఏడాది వయసు దాటిన తరువాత, లేదా సవారీకి అలవాటు చేసే సమయంలో, కీలువాపు లేక కుంటు రూపంలో బయటపడుతుంది. అయితే వ్యాధికి మూలమైన మార్పులు పుట్టిన తొలి నెలల్లోనే మొదలవుతాయి. కుంటు కనిపించే నాటికి మృదులాస్థి తనంతట తాను మానే కాలం చాలావరకు దాటిపోతుంది. అందువల్ల ఈ వ్యాధి విషయంలో చికిత్స కంటే తొలి ఎనిమిది నెలల యాజమాన్యం ముఖ్యమైనది.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఆవులు, గొర్రెలతో పోలిస్తే గుర్రాల సంఖ్య స్వల్పం. తిరుమల బ్రహ్మోత్సవాల ఊరేగింపులలో నడిచే అశ్వాలతో పాటు పెళ్లి ఊరేగింపులకు, సవారీకి పెంచే గుర్రాలు కూడా ఈ ప్రాంతంలో ఉన్నాయి. పొట్టి తట్టువలలో ఈ వ్యాధి చాలా అరుదు. త్వరగా ఎదిగే పొడవైన జాతులలోనే ఇది ఎక్కువ. కావున ఎత్తైన జాతుల పిల్లలను పెంచేవారికి, వారికి సలహాలిచ్చే విస్తరణ సిబ్బందికి ఈ అంశం తెలిసి ఉండాలి.

వ్యాధి పుట్టుక

పుట్టిన పిల్లలో ఎముక చివరి భాగంలో మృదులాస్థి మందంగా ఉంటుంది. వయసుతో పాటు ఇది లోపలి నుంచి బయటికి క్రమంగా ఎముకగా మారుతుంది. పెద్ద గుర్రం కీలు మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు; ఎదిగే పిల్లలో మాత్రం మందమైన మృదులాస్థికి సన్నని కాలువలలోని రక్తనాళాలు పోషణ అందిస్తాయి. ఎముకగా మారే అంచు ముందుకు సాగుతున్నప్పుడు ఈ నాళాలు ఆ అంచును దాటవలసి వస్తుంది. ఆ స్థానంలో నాళం తెగినా, మూసుకుపోయినా, దానిపై ఆధారపడిన మృదులాస్థి కణాలు నశిస్తాయి.

నశించిన భాగం ఎముకగా మారదు. చుట్టూ ఎముక ఏర్పడుతుండగా ఇది మధ్యలో మిగిలిపోతుంది. దీనిని మూడు దశలుగా వర్ణిస్తారు. సూక్ష్మదర్శినిలో మాత్రమే కనిపించే దశ లేటెన్స్. కోసి చూసినప్పుడు కంటికి, తరచుగా ఎక్స్‌రేలోనూ కనిపించే దశ మానిఫెస్టా. పై పొర చీలి ముక్క లేచి కీలులోకి వచ్చే దశ డిస్సెకాన్స్. 1887లో జర్మన్ శస్త్రవైద్యుడు ఫ్రాంజ్ కోనిగ్ మనుషుల కీళ్లలోని ఇటువంటి ముక్కలకు ఆస్టియోకాండ్రైటిస్ డిస్సెకాన్స్ అని పేరు పెట్టారు. ఆ పేరు శోథను సూచించినప్పటికీ, వ్యాధికి మొదటి కారణం శోథ కాదు. కీలులోని శోథ తరువాత వచ్చే పరిణామం.

మానే కాలపరిమితి

మొదటి రెండు దశల్లోని గాయాలన్నీ ముదరవు. చాలావాటిని చుట్టుపక్కల ఎముక క్రమంగా పూడ్చివేస్తుంది. నెదర్లాండ్స్‌లో గుర్రపు పిల్లలకు 1 నెల నుంచి 11 నెలల వయసు వరకు వరుసగా ఎక్స్‌రేలు తీసిన పరిశీలనలో, వెనుక కాలి హాక్ కీలులో 5 నెలల తరువాత, స్టిఫిల్ కీలులో 8 నెలల తరువాత స్థితి దాదాపు స్థిరపడినట్లు తేలింది. అంటే ఒక్క నెల వయసులో తీసిన ఎక్స్‌రేలో లోపం కనిపించినంత మాత్రాన పిల్ల పనికిరాదని తీర్పు చెప్పరాదు. 8 నెలల తరువాత కనిపించిన లోపం మానుతుందని ఆశించరాదు.

మేత, మేపే పద్ధతి

వ్యాధికి ఒకే కారణం లేదు. వంశపారంపర్యం, వేగవంతమైన ఎదుగుదల, అధిక శక్తినిచ్చే దాణా, కీలుపై పడే ఒత్తిడి కలిసి పనిచేస్తాయి. త్వరగా పెంచి అమ్మాలనే ఉద్దేశంతో పిల్లకు ఉడికించిన ఉలవలు, మొక్కజొన్న, తవుడు ఎక్కువగా పెట్టడం మేలు చేయదు. తవుడులో కాల్షియం కంటే భాస్వరం పది రెట్లకు మించి ఉంటుంది. తవుడే ప్రధాన దాణా అయితే ఎముకలు బలహీనపడే మరొక వ్యాధి కూడా వస్తుంది. పచ్చిమేత, పప్పుజాతి మేత ఆధారంగా, ఖనిజ మిశ్రమంతో, ఎదుగుదల ఒకే తీరుగా సాగేలా మేపాలి.

రాగి లోపం మృదులాస్థిని బలహీనపరుస్తుంది. పాలలో రాగి తక్కువ. పిల్ల పుట్టకముందే కాలేయంలో దానిని నిల్వ చేసుకుంటుంది. కనుక చూడి గుర్రానికి చివరి మూడు నెలల్లో సరిపడా రాగి అందించడం ముఖ్యం. అయితే గుర్రాల కోసం తయారైన రాగి అధికంగా ఉన్న మిశ్రమాన్ని అదే దొడ్డిలోని గొర్రెలకు పెట్టరాదు. అది వాటికి విషమవుతుంది. కోళ్ల పెంపకం విస్తృతంగా ఉన్న చిత్తూరు జిల్లాలో మరొక జాగ్రత్త అవసరం. మోనెన్సిన్, సాలినోమైసిన్ వంటి మందులు కలిపిన కోళ్ల దాణా గుర్రానికి ప్రాణాంతకం.

పిల్లను గట్టి నేలపై కట్టివేసి ఉంచి అప్పుడప్పుడు పరుగెత్తించడం కంటే, తల్లితో పాటు ప్రతిరోజూ మెత్తని, జారని నేలపై స్వేచ్ఛగా తిరగనివ్వడం మంచిది.

గుర్తింపు, చికిత్స

హాక్, స్టిఫిల్, ఫెట్‌లాక్ కీళ్లలో వ్యాధి ఎక్కువగా కనిపిస్తుంది. కీలులో ద్రవం చేరి మెత్తని వాపు రావడం తొలి గుర్తు. హాక్ కీలులో వాపు స్పష్టంగా ఉన్నా కుంటు స్వల్పంగానే ఉండవచ్చు. ఒక కాలిలో లోపం కనిపిస్తే రెండవ కాలికీ ఎక్స్‌రే తీయాలి. వ్యాధి తరచుగా రెండు వైపులా ఉంటుంది.

కీలు వేడిగా ఉండి, జ్వరంతో పిల్ల కాలు నేలపై ఆనించలేకపోతే దానిని ఆస్టియోకాండ్రోసిస్‌గా భావించి వేచి చూడరాదు. బొడ్డు ద్వారా లేదా రక్తం ద్వారా చేరిన సూక్ష్మజీవుల వల్ల కీలు చీము పట్టి ఉండవచ్చు. అది అత్యవసర స్థితి. గంటల ఆలస్యం కూడా కీలును పాడుచేస్తుంది.

చిన్న గాయాలున్న ఎదిగే పిల్లలకు కదలికను పరిమితం చేసి, దాణా తగ్గించి, కొన్ని వారాల తరువాత మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. ముక్క విడిపోయిన కీలుకు ఆర్థ్రోస్కోపీ ద్వారా దానిని తొలగించడం ఆమోదిత చికిత్స. కీలు నొప్పి మందులతో వాపు తగ్గించి సవారీ కొనసాగించడం విడిపోయిన ముక్కను మాన్పదు. చుట్టూ ఉన్న ఆరోగ్యవంతమైన మృదులాస్థిని అరగదీస్తుంది.

అధ్యయనానికి అవకాశం

ఈ వ్యాధి గుర్రాలకే పరిమితం కాదు. వేగంగా ఎదిగే పందులలో ఇది సాధారణం. రక్తనాళాలు దెబ్బతినడమే మూలమన్న అవగాహనకు పందులపై జరిగిన ప్రయోగాలు ముఖ్య ఆధారమయ్యాయి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో పందులపై పరిశోధన చాలాకాలంగా సాగుతోంది. గుర్రపు పిల్లల నమూనాలు దొరకడం కష్టమైన ఈ ప్రాంతంలో, వధశాలలో లభించే పంది తొడ ఎముక చివరి భాగాన్ని పలుచని పలకలుగా కోసి పరిశీలిస్తే విద్యార్థులు వ్యాధి దశలను ప్రత్యక్షంగా గుర్తించగలరు.

విస్తరణ సిబ్బంది పెంపకందారులకు చెప్పవలసిన క్రమం ఇది: చూడి గుర్రానికి ఖనిజ మిశ్రమం, పిల్లకు మితమైన దాణా, ప్రతిరోజూ స్వేచ్ఛగా కదలిక, 5, 8 నెలల వయసులో కీళ్ల పరీక్ష. ఎక్స్‌రేలో లోపం స్థిరపడిన మగ, ఆడ గుర్రాలను సంతానోత్పత్తికి వాడకపోవడం తరువాతి తరానికి రక్షణ.