అడ్డాకు విస్తరి

అడ్డాకు విస్తరిలో వేడన్నం పడగానే లేచే వాసన విశాఖలో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఆకు పుట్టిల్లు పాడేరు, అరకు వైపు ఆకురాల్చే అడవి. అక్కడ మద్ది, వేగిస చెట్లను పెనవేసుకుని కొమ్మల చివరిదాకా పాకే అడ్డతీగది.

ముందు కోత. లేతాకు ఎండితే ముడుచుకుపోతుంది. మరీ ముదిరింది మడత దగ్గర చిట్లుతుంది. ముట్టుకుంటే పలచటి తోలులా తగిలే ఆకును ఏరి, తొడిమ దగ్గర గిల్లాలి. తీగను మాత్రం లాగొద్దు. అది తెగితే పైకి పాకిందంతా ఎండుతుంది, కాయలూ పోతాయి. నూగుతో చెక్కలా ఉండే ఆ పొడవాటి కాయలు ఎండకు ఫట్టున పేలి గింజల్ని దూరంగా విసురుతాయి. ఆ గింజలు కాల్చుకు తింటే కమ్మగా ఉంటాయి. తీగ నారతో తాళ్లు పేనుతారు. ఇన్ని ఇచ్చే తీగను ఒక్క ఆకు కోసం చంపుకుంటామా?

కోసిన ఆకును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. కొస మధ్యకు చీలి రెండు రేకులుగా ఉంటుంది. ఇలాంటి జంట రేకుల ఆకులున్న ప్రజాతికి వృక్షశాస్త్రవేత్తలైన బౌహిన్ అన్నదమ్ముల పేరు తగినదని లిన్నేయస్ రాశాడు. పైభాగం నున్నన, అడుగున గోధుమరంగు నూగు. కుట్టేటప్పుడు నున్నటి వైపే అన్నానికి రావాలి.

ఆకుల్ని దొంతర్లుగా పేర్చి, ఎండబెట్టి, బరువు పెట్టి అణచాలి. కుట్టే ముందు నీళ్లు చిలకరించి గుడ్డ కప్పితే మెత్తబడతాయి.

ఇక కుట్టు. వెదురును సన్నటి పుల్లలుగా చీల్చుకోవాలి. నడుమ ఒక ఆకు వేసి, చుట్టూ ఒకదాని అంచుపై ఇంకొకటి వచ్చేలా, ఇంటి పెంకులు పరిచినట్టు పరుస్తూ పోవాలి. పుల్లను గుచ్చి, పైకి తెచ్చి, మళ్లీ కిందికి దింపి పుటుక్కున విరవాలి. విరిగిన మొన అడుగునే ఉండాలి, లేకపోతే తినేవాళ్ల వేలికి గుచ్చుకుంటుంది. చేయి తిరిగిన ఆడవాళ్లు మాట్లాడుతూనే కుట్టేస్తారు. కళ్లు ఆకు మీద, వేళ్లు పుల్ల మీద.

మళ్లీ అణచి, కట్టలు కట్టి సంతకు పంపుతారు. 1956లో విశాఖ కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కూడా అడవి ఫలసాయం కొంటుంది. నేనైతే ఆకు కోసిన చేతికి దక్కే డబ్బు ఇంకా పెరగాలంటాను.

కట్టలోంచి ఒక విస్తరి తీసి చారు పోసి చూడండి. అడుగున తడి తగలకపోతే కుట్టు కుదిరినట్టే.